ఆషాఢంలో ఖాళీ చేసిన ఇల్లు

పోయిన వారం సువార్తమ్మ టీచర్ని రిక్షా ఎక్కించి, ఆ వెనకాలే సైకిలు మీద వస్తున్న తెల్ల చొక్కా మనిషెవరో చెప్పకుండా వదిలేశాం. ప్లీడరై ఉంటాడని కొందరు పాఠకులు, పోలీసై ఉంటాడని మరికొందరు అనుకున్నారట. రెండూ కాదు. కాస్త ఆగండి, ముందు ఆయన్ని సైకిలు దిగనివ్వండి.

ఈలోగా జరిగిన సంగతులు ఒకసారి తలుచుకుందాం. సువార్తమ్మ మున్సిపల్ స్కూల్లో టీచరు. ఆమె భర్త ఆమోసు లోకో షెడ్‌లో ఫిట్టరు. కృష్ణలంకలో హనుమయ్యగారి ముందు పోర్షన్‌లో తొమ్మిదేళ్ళు అద్దెకున్నారు. రూపాయి రూపాయీ కూడబెట్టి భవానీపురంలో జాగా కొని, సిమెంటు పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. అటు ఆమోసు వైపు గానీ ఇటు సువార్తమ్మ వైపు గానీ సొంతంగా గోడంటూ లేపింది వీళ్ళే మొదలు. ఆ ఇంటికి వీధి తలుపు ఒక్కటే తక్కువ. తలుపు తయారుగానే ఉంది, వడ్రంగి బాలశౌరి కొట్లో గోడకి ఆనించి ఉంది. డబ్బు చేతిలో పడితేగానీ అతను దాన్ని కదలనివ్వడు. ఆ డబ్బు హనుమయ్య దగ్గరున్న ఆరు నెలల అద్దె అడ్వాన్సు.

"తాళం ఇచ్చి వెళ్ళండి టీచరమ్మగారూ, డబ్బెక్కడికి పోతుంది?" అన్నాడు హనుమయ్య. సువార్తమ్మ మహా మర్యాదగా తాళం ఆయన చేతిలో పెట్టి వచ్చేసింది. అద్దె ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళెవరూ చెయ్యని పొరపాటు! ఆవేళ్టి నుంచీ గుమ్మానికి గోనె పట్టా వేలాడదీసుకుని, జల్లు కొడితే మంచాలు జరుపుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు. రేపు రమ్మని, ఎల్లుండి రమ్మని తిప్పి తిప్పి, చివరికి హనుమయ్య అసలు మాట బయటపెట్టాడు. ఆషాఢం వెళ్ళాలట.

"పోనీలెద్దూ. శ్రావణంలోనే పుచ్చుకుందాం. ఇవాళ మటుకు వెళ్ళకు" అని ఆదివారం పొద్దున ఆమోసు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. సువార్తమ్మ ఆయన్నీ గోనె పట్టానీ కలిపి పక్కకి తప్పించి చర్చికి వెళ్ళింది. చర్చి నుంచి ఇంటికి రాకుండా నేరుగా కృష్ణలంక రిక్షా మాట్లాడుకుంది. దారిలో బాలశౌరి కొట్టు దగ్గర ఆపి, తలుపు ఎవరికీ అమ్మెయ్యలేదు కదా అని చూసుకుని మరీ కదిలింది.

రిక్షా హనుమయ్యగారింటి ముందు ఆగింది.

హనుమయ్య చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే ఆయనకి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. మైలవరం దగ్గర పొలాలు కౌలుకిచ్చి, బెజవాడ వచ్చి లారీ సామాన్ల కొట్టు పెట్టి నిలదొక్కుకున్న మనిషి. చేతిలోంచి డబ్బు కదలాలంటే ఆయనకి ప్రాణం పోయినంత పని. కానీ ఇచ్చిన మాట తప్పడని బజార్లో పేరుంది. ఆ పేరంటే ఆయనకి తగని ముచ్చట.

అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడాయన. పక్కన బెంచీ మీద ఎదురింటి పుల్లయ్య. కోర్టులో జప్తులు చేసే అమీనుగా పనిచేసి రిటైరయ్యాడు. తన ఇంట్లో పేపరు తెప్పించకుండా రోజూ హనుమయ్యగారి పేపరు మొత్తం చదివి, దానికి అద్దెగా సలహాలిచ్చి వెళుతుంటాడు.

"రండి రండి టీచరమ్మగారూ" అంటూ హనుమయ్య లేచి కుర్చీ జరిపాడు. "చర్చీ నుంచేనా? ఏవే, కాఫీ!"

"కాఫీకేం తొందరలేదండీ. మన సంగతి తేల్చుకుని వెడదామని వచ్చాను."

"తేల్చడానికేవుందమ్మా! నేను కాదన్నానా? మీరు ఖాళీ చేసింది ఆషాఢంలో. ఆషాఢంలో కొత్తింట్లో దిగే మనిషెవడు చెప్పండి? నెల్లాళ్ళూ పోర్షన్ బోసిగా పడుంటుంది. ఆ నష్టం ఎవరిది? జ్యేష్ఠంలో వెళ్ళిపోయుంటే నాకీ బాధే లేకపోను. మీకు పట్టింపు లేదు, నిజవే. వచ్చేవాళ్ళకుంటుందిగా! అందుకని ఈ నెల అద్దె పట్టుకుంటానంటున్నా."

"మరి మిగతాది?"

"మిగతాదానికేం" అని హనుమయ్య ఎందుకో లోపలి గుమ్మం వైపు చూశాడు. "దాని గురించి బెంగలేదులెండి. ఈ నెల సంగతే మాట్లాడుకుందాం."

సువార్తమ్మకీ అదే కావాలి. కుర్చీలో ముందుకి జరిగి, క్లాసులో లెక్క మొదలుపెట్టే గొంతుతో అంది. "అంటే మీ బాధల్లా పోర్షన్ ఖాళీగా పడుండడమే."

"అంతేనమ్మా. ఇంకేవుంటుంది?"

"ఆషాఢంలోనే దిగుతామని ఎవరైనా వస్తే?"

"వస్తే బంగారంలా ఇస్తా. మీ నెల అద్దె మీకు వాపసు."

"మాటేనా?"

"హనుమయ్య మాట!"

"పుల్లయ్యగారూ, విన్నారుగా?"

"పేపర్లో కన్నా పెద్దక్షరాల్తో వినపడిందమ్మా" అన్నాడు పుల్లయ్య, అప్పటికే పేపరు మడిచేసి.

సువార్తమ్మ వీధిలోకి తిరిగి పిలిచింది. "సంజీవరావు బాబూ, ఇలా రా."

సైకిలు స్టాండు వేసి తెల్ల చొక్కా మనిషి మెట్లెక్కాడు. ముప్పై లోపు వయసు. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో గుమాస్తా, బందరు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చాడు. భార్య అమలమ్మతో సత్రంలో ఒక గదిలో ఉంటూ, కిరసనాయిలు స్టవ్ మీద వండుకుంటూ, ‘టు లెట్’ బోర్డు కనిపించిన ప్రతి ఇంటి తలుపూ తడుతున్నాడు. అన్నిచోట్లా ముందు ఇల్లు చూపిస్తారు, తర్వాత నాలుగు మాటలు అడుగుతారు, ఆ తర్వాత ‘ఇప్పుడే గుర్తొచ్చింది బాబూ, ఇంకొకళ్ళకి మాటిచ్చేశాం’ అంటారు. చర్చి మెట్ల మీద అతను ఈ మాట చెప్పుకున్నప్పుడే సువార్తమ్మ ఈ ఎత్తు వేసింది. మీ ఆషాఢం మాకు లేదు, కాబట్టి మీ నష్టమూ లేదు. ఎంత తేలిక! ఇంత తేలిక లెక్క ఇన్నాళ్ళూ తట్టనందుకు దారంతా తన మీద తనే విసుక్కుంది కూడా.

"రేపే దిగుతాడండీ. గవర్నమెంటు ఉద్యోగం. భార్యాభర్తలు ఇద్దరే" అంది.

హనుమయ్య మొహం విప్పారింది. "సంతోషం. కూర్చోండి బాబూ. ఏ ఊరండీ మీది?"

"కైకలూరు దగ్గరండీ."

"అబ్బో, మనకి బోలెడు మంది ఉన్నారక్కడ. ఇంటిపేరేవిటి?"

సంజీవరావు చెప్పాడు. హనుమయ్య ఆ ఇంటిపేరుని తనకి తెలిసిన చుట్టరికాల్లో ఎక్కడ పెట్టాలో తెలియక ఒక క్షణం ఆగాడు. "నాన్నగారు వ్యవసాయవా?"

"కాదండీ. మిషన్ స్కూల్లో చేసి రిటైరయ్యారు."

"ఓహో" అన్నాడు హనుమయ్య. నవ్వు పెదాల మీద అలాగే ఉంది గానీ, కళ్ళు వీధిలోకి వెళ్ళిపోయాయి.

అప్పుడే ఇంటావిడ రావమ్మ కాఫీ తెచ్చింది. హనుమయ్యకీ పుల్లయ్యకీ స్టీలు గ్లాసుల్లో, వచ్చినవాళ్ళిద్దరికీ గాజు గ్లాసుల్లో. ఇచ్చి, లోపలికి వెళ్ళకుండా గుమ్మం పక్కనే నిలబడింది.

"అంటే, పోర్షన్‌కి వెల్ల వేయించాలనుకుంటున్నానండీ" అన్నాడు హనుమయ్య.

"నేను వేయించుకుంటానండీ" అన్నాడు సంజీవరావు.

"మా బావమరిది కొడుకొకడు కాలేజీలో చేరతానంటున్నాడు."

"ఎప్పుడండీ?" అంది సువార్తమ్మ.

"శ్రావణంలో."

"శ్రావణం దాకా వీళ్ళుంటారు. ఇందాక ఆషాఢం అడ్డం అన్నారు. ఆ అడ్డం తీసేశాను. ఇప్పుడేది అడ్డం హనుమయ్యగారూ?"

హనుమయ్య కాఫీ గటగటా తాగేసి గ్లాసు కింద పెట్టాడు. తిప్పి తిప్పి మాట్లాడటం ఆయనకి నిజంగా చేతకాదు. "టీచరమ్మగారూ, నాకు పట్టింపులు లేవు. మీకు తెలుసు. కానీ వీధిలో వాళ్ళు ఊరుకోరు. ఒకళ్ళకిచ్చావు, సరేలే, మంచివాళ్ళు అన్నారు. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ మీవాళ్ళే దిగితే ఇంక అది మీవాళ్ళ పోర్షన్ అని పేరు పడిపోతుంది. రేపు ఇంకొకళ్ళు ఎవరూ అందులోకి రారు. నా ఇబ్బంది కూడా చూడాలి కదా మీరు?"

సంజీవరావు నేల వైపు చూస్తూ, తనకి అలవాటైన మాటే విన్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపడం సువార్తమ్మ చూసింది.

చేతిలో గాజు గ్లాసు వేడిగా ఉంది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఆమెకి కాఫీ ఆ గ్లాసులోనే. గాజు గ్లాసులు ఖరీదైనవి, పై చుట్టాలకి తీస్తారు, టీచరు కదా అని మర్యాద చేస్తున్నారనుకుంది. ఇంటికి వెళ్ళి ఆమోసుతో గొప్పగా చెప్పుకున్న రోజులున్నాయి. ఎంత వెర్రిదాన్ని అనుకుంది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఆ కోపం వెనకాలే, ఎన్నాళ్ళుగానో ఒంట్లో ఉండి ఇవాళే లేచి నిలబడినట్టు గర్వమూ వచ్చింది. కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు తీసుకెళ్ళి స్టీలు గ్లాసుల పక్కనే పెట్టింది.

"హనుమయ్యగారూ, మేం దిగినరోజు మీరేవిట్లు, కులమేదని మీరడిగారు. మా ఆయన రైల్వే అని దాటెయ్యబోతే నేనే ఆగమని, క్రైస్తవులమని చెప్పాను. దాచుకుని ఏ గడపా ఎక్కలేదు మేము."

"నేను మాత్రం కాదన్నానా? మీ మంచితనం చూసి ఇచ్చానా లేదా?"

"మీరు మాకు ఇల్లిచ్చారని మీరనుకుంటున్నారు. మేం మీకు అద్దె ఇచ్చామని నేననుకుంటున్నాను. ఒక్క నెలైనా ఒకటో తారీకు దాటిందా? మంచితనం చూసి ఇచ్చానంటున్నారు. మంచితనం చూపించుకోకుండానే ఇళ్ళు దొరికేవాళ్ళు ఈ వీధినిండా ఉన్నారండీ. వాళ్ళ మంచితనం ఏపాటిదో పుల్లయ్యగారికి తెలుసు, జప్తులు చేసొచ్చిన మనిషి."

పుల్లయ్య పక్కకి తిరిగి దగ్గాడు. అది నవ్వేనని అందరికీ తెలుసు.

"సరే, మీ ఇల్లు మీ ఇష్టం. ఎవరికిచ్చుకుంటారో నేను చెప్పను" అంది సువార్తమ్మ. "నా సంగతి చెబుతాను. ఈ ఆషాఢం నెల అద్దె నా అడ్వాన్సులోంచి పట్టుకుంటారు. అంతేనా?"

"ఆ."

"పట్టుకోండి. అయితే ఈ నెల అద్దె నేను కట్టినట్టే. అద్దె కట్టిన ఇల్లు నాది. నా ఇంట్లోకి నా చుట్టాలు వస్తారు, నెలాఖరు దాకా ఉంటారు. తాళం ఇవ్వండి."

హనుమయ్య కుర్చీలో ముందుకి వంగాడు. "ఇదెక్కడి లిటిగేషనమ్మా! ఏవయ్యా పుల్లయ్యా, చూస్తూ కూచుంటావేం?"

"ఏం చెప్పనయ్యా" అన్నాడు పుల్లయ్య. "అద్దె పుచ్చుకున్నాక ఇల్లు ఆవిడదే. మా కోర్టు వరండాలో చెట్టు కింది ప్లీడరు కూడా ఇదే చెబుతాడు. పైగా నువ్వు మాట కూడా ఇచ్చావు."

ఆ చివరి మాట హనుమయ్యకి గట్టిగా తగిలింది. బనీను జేబులోకి చెయ్యి పోనిచ్చి నోట్లు తీశాడు. "ఇదుగో, ఆ నెల అద్దె. పైసా పట్టుకోవట్లేదు. తీసుకెళ్ళండి. తాళం ఊసెత్తకండి, ఈ అబ్బాయి ఊసెత్తకండి. అయిపోయింది."

నోట్లు సువార్తమ్మ మోకాళ్ళ దగ్గరే ఉన్నాయి. అవి తీసుకెళ్ళి బాలశౌరి చేతిలో పెడితే, మిగతాది రేపిస్తానంటే కాదనడు. సాయంత్రానికి తలుపు బండెక్కుతుంది. రాత్రికి వాన పడినా ఇల్లు తడవదు. సొంత ఇంటికి సొంత తలుపు వేసి గడియ పెట్టుకోవడమంటే ఎలా ఉంటుందో ఆమెకి ఇంతవరకు తెలియదు. ఎన్ని నెలలుగానో ఆ గడియ చప్పుడు కోసం ఎదురుచూస్తోంది.

సంజీవరావు లేచాడు. "తీసుకోండి అక్కయ్యగారూ. నాకు ఇంకెక్కడైనా దొరుకుతుంది. నేను వెడతానండీ."

"కూర్చో" అంది సువార్తమ్మ. అతను కూర్చున్నాడు.

"ఒద్దండీ హనుమయ్యగారూ. ఇందాకే మామూలుగా ఇచ్చుంటే దండం పెట్టి పుచ్చుకునేదాన్ని. ఇప్పుడు మీరిస్తున్నది నా డబ్బు కాదు, నోరు మూసుకుని వెళ్ళినందుకు కూలి. మా ఇంటి గుమ్మానికి గోనె పట్టా ఉంది, అది చాలు. ఈ ఆషాఢం మీరు నాకు అమ్మేశారు. నేను తిరిగి అమ్మను."

హనుమయ్య చెయ్యి నోట్లతో అలాగే ఉండిపోయింది. అప్పుడు గుమ్మం దగ్గర గాజులు కదిలాయి. రావమ్మ బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి తీసి, వెతికి, అందులోంచి ఒకటి విడదీసింది. భర్త చూస్తుండగానే ముందుకొచ్చి, సువార్తమ్మ అరచేతిలో దాన్ని పెట్టి, ఆ వేళ్ళు మూసి, ఒక క్షణం అలాగే పట్టుకుంది. తొమ్మిదేళ్ళలో ఆవిడ తనను ముట్టుకోవడం అదే మొదటిసారని సువార్తమ్మకి అప్పుడు తెలిసింది.

"ఏవిటే ఇది?" అన్నాడు హనుమయ్య.

"మాటిచ్చారుగా" అంది రావమ్మ. "మీరెప్పుడూ తప్పరు కదా. నేనెందుకు తప్పనివ్వాలి?"

సువార్తమ్మ తాళం సంజీవరావుకి ఇచ్చింది. "రేపు పొద్దున్నే సామాను తెచ్చుకో బాబూ. ఎవరైనా అడిగితే సువార్తమ్మ టీచరుగారి చుట్టాలమని చెప్పు." ఆ మాట అంటుంటే ఆమె గొంతు వీధి చివరికి వినబడింది. వినబడాలనే అంది. తన చిన్నతనంలో తల్లి ఎవరి అరుగు ముందు నిలబడినా చేతులు కట్టుకునే నిలబడేది. ఈ కూతురు ఇవాళ కుర్చీలో కూర్చుని మాట్లాడింది, కూర్చునే గెలిచింది. తల్లి చూసి ఉంటే బాగుండుననిపించింది.

ఇక్కడితో ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయుంటే ఎంత బాగుండేది! కానీ ఓడిపోయిన మగవాడు అరుగు మీద ఉన్నాడు. ఆయన కడుపులో ఒక మాట దాగి ఉంది.

"బావుంది టీచరమ్మగారూ" అన్నాడు హనుమయ్య, నోట్లు జేబులో కుక్కుకుంటూ. "నేను మాట తప్పేవాణ్ణని నలుగుర్లో అనిపించారు. నేనెంత మాట మీద ఉన్నానో మీకు తెలీదు. ఇంతసేపూ పడ్డాను గానీ నోరు విప్పానా? బుధవారం మీ ఆయన వచ్చి మిగతా అయిదు నెలలదీ పట్టికెళ్ళాడు. మీకు చెప్పొద్దని నా చేతులు పట్టుకు బతిమాలాడు. అందుకని ఊరుకున్నా."

"ఏవండీ!" అంది రావమ్మ.

"ఎంతసేపని ఊరుకోనే?"

సంజీవరావు చటుక్కున సువార్తమ్మ వైపు చూశాడు. అడ్వాన్సులో పైసా కూడా చేతికి రాలేదని చర్చి మెట్ల మీద ఆవిడే చెప్పింది మరి.

సువార్తమ్మ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. బుధవారం ఆమోసు మామూలుగానే ఇంటికొచ్చాడు. మామూలుగానే అన్నం తిన్నాడు. జల్లు కొడితే మంచం జరిపాడు. డబ్బు జేబులో పెట్టుకుని మంచం జరిపాడా? ఎందుకు? ఎవరికి? ఇంతమంది ముందు ఆ ప్రశ్న నోట్లోంచి వస్తే, ఇప్పటిదాకా గెలిచినదంతా ఈ అరుగు మీదే పోతుంది. మొగుడి జేబులో ఏముందో తెలియని మనిషి ఊరికి న్యాయం చెప్పొచ్చిందని రేపటికి వీధంతా అనుకుంటుంది.

పైట సర్దుకుని లేచింది.

"తెలుసండీ" అంది. "నేనే పంపించాను. మీరు పట్టుకున్న నెల సంగతి తేల్చుకోవడానికే కదా ఇవాళ వచ్చాను."

పుల్లయ్య నమ్మాడు. సంజీవరావు కూడా, తనే సరిగ్గా వినలేదేమో అనుకుని తల దించుకున్నాడు. నమ్మనట్టు చూసింది ఒక్క హనుమయ్య. ఆయన మొహంలో కోపం కొద్దికొద్దిగా తగ్గింది.

"మీరే పంపారా? ఆ డబ్బు దేనికో కూడా మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే ఒప్పుకున్నారా?"

"ఆ."

హనుమయ్య పడక్కుర్చీలోంచి లేచాడు. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ లేనిది, రెండు చేతులూ ఎత్తి ఆమెకి దండం పెట్టాడు. "తల్లీ, నన్ను క్షమించండి. ఏ ఆడదీ ఒప్పుకునే పని కాదది. మీరింతటి మనిషని తెలియక ఏవేవో వాగాను."

ఏ పని? ఆ రెండు మాటలూ గొంతు దాకా వచ్చాయి. ఇందాకటి అబద్ధం అక్కడే అడ్డం పడి ఉంది. సువార్తమ్మ దండానికి దండం పెట్టి, తల ఎత్తుకునే మెట్లు దిగింది. రిక్షా దాకా నడిచింది. ఒక కాలు రిక్షాలో పెట్టింది.

వెనకాల నుంచి రావమ్మ చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ కళ్ళు నిండి ఉన్నాయి.

"టీచరుగారూ, ఒక్క మాట. ఆ పిల్లని ఇంటికి తెచ్చుకున్నాక ఒక్కసారి నాకు చూపించరూ? అచ్చం ఆమోసుగారి పోలికేనటగా?"

సువార్తమ్మ రిక్షా కమ్మీ పట్టుకుని, రెండో కాలు కూడా పైకి తీసుకుంది.

"తప్పకుండా రావమ్మగారూ" అంది. "నేనే తీసుకొచ్చి చూపిస్తాను."